ఎనిమిది పలికేదాకా

ఎనిమిది అంటే ఎనిమిదే. అమీన్ సాబుకు ఒక ఎనిమిది, సోమక్కకు ఇంకో ఎనిమిది అని ఉండవు. ఏడు తర్వాత వచ్చేదీ, తొమ్మిదికి ముందు ఆగేదీ ఎవరికైనా అదే. మరి అలాంటప్పుడు ఫోటోలో అమీన్ సాబు మొహం మాడిన పెనంలా ఎందుకు వచ్చినట్టు, సోమక్క మొహం సున్నం కొట్టిన గోడలా ఎందుకు వచ్చినట్టు అని సిద్దిరాములు నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాడు. అన్నం కలుపుకుంటూ ఆలోచించాడు, అది ఎండిపోయేదాకా ఆలోచించాడు. నిన్న కొత్తవాడలోని ఇంటి నుంచి స్టేషన్ రోడ్డులోని ఫోటో స్టూడియో దాకా చెప్పులు లేకుండా నడిచి వచ్చి, ఆ సంగతి మధ్యాహ్నం గానీ గమనించలేదు.

ఆలోచించక తప్పదు. స్టూడియో యజమాని రాజేశ్వర్ రావు ప్లేట్ల కోసం సికింద్రాబాదు పోతూ ఒక మాట చెప్పి పోయాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కూడా గొడుగు చంకలో పెట్టుకుంటూ, వాన వచ్చేటట్టున్నదని చెప్పినంత మామూలుగానే చెప్పాడు.

"సావుకారి వీరభద్రం మళ్ల వస్తనన్నడు. ఉన్నది ఒక్కటే ప్లేటు. ఈసారి గూడ నల్లగొస్తే నేనేమనను సిద్దిరాములూ. నువ్వే కేసముద్రం పొయ్యి నీ కుంచం పట్టుకో."

ఆయన ఏమనను అంటే ఏమీ అనడు. మరునాడు స్టూడియోకు ఇంకో తాళం వేస్తాడు, అంతే.

కేసముద్రం మార్కెట్‌లో సిద్దిరాములు పద్నాలుగేళ్లు గింజలు కొలిచాడు. రైతు పోసిన కుప్పలోంచి కుంచం నింపి సావుకారి బస్తాలో వంపడం, లెక్క పైకి పలకడం. పోయినేడు ఒకరోజు కుంచాన్ని అక్కడే బోర్లించి వరంగల్లు రైలెక్కాడు. ఎందుకని అడిగినవాళ్లకు నడుం నొప్పి అని చెప్పాడు. నడుం నొప్పి ఉన్న మాట నిజమే. అది అంతకుముందు పదేళ్ల నుంచీ ఉంది.

స్టూడియోలో మొదట ఊడ్చే పనికి కుదిరాడు. రాజేశ్వర్ రావుకు కుడిచెయ్యి వణకడం మొదలైనాక, లెన్సు మూత తీసి పెట్టే పని ఇతనికి వచ్చింది. మూత తియ్యాలి, ఎనిమిది లెక్క పలకాలి, మూత పెట్టాలి. మనుషుల్ని కూర్చోబెట్టడం, కెమెరా అద్దంలో చూసి సరిచెయ్యడం రాజేశ్వర్ రావే చేసేవాడు. ఆ తర్వాత ఆయన చీకటిగదిలోకి పోయి మందులు కలుపుకుంటూ, తలుపు వెనక నుంచి లెక్క వినేవాడు. పద్నాలుగేళ్లు లెక్క పలికిన నోటిమీద ఆయనకు నమ్మకం కుదిరింది. ఎనిమిదీ వినపడేవి. ఒక్కటీ తప్పిపోయేది కాదు.

పని అప్పగించిన రోజున ఆయన పాఠం కూడా చెప్పాడు. ఫోటోలో మూడే ముచ్చట్లున్నాయన్నాడు. వెలుతురు వచ్చే కన్నం ఎంత పెద్దది, అది ఎంతసేపు తెరిచి ఉంది, లోపల ఉన్న ప్లేటుకు ఎంత ఆకలి. వీటిలో ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెంచాలి. సిద్దిరాములుకు ఇది వెంటనే అర్థమైంది. బస్తా మూతి పెద్దగా విప్పితే కుంచం చప్పున నిండుతుంది, సన్నగా విప్పితే నిదానంగా నిండుతుంది, కుంచం పెద్దదైతే ఇంకాసేపు పడుతుంది. తక్కువ పోస్తే కుంచం అడుగు కనిపిస్తుంది. ఎక్కువ పోస్తే గింజలు అంచు దాటి కింద రాలుతాయి, రాలినవాటిని ఎవరూ లెక్కపెట్టరు. అతనికి మింగుడుపడనిది ఒక్కటే. ఎక్కువ వెలుతురు పడితే అద్దపు ప్లేటు నల్లబడుతుంది, దాని మీంచి కాగితం మీద అచ్చు తీస్తే మనిషి తెల్లబడతాడు. వెలుతురు చాలకపోతే ప్లేటు పలచగా ఉంటుంది, మనిషి నల్లబడతాడు. ఈ తిరకాసుకు అలవాటుపడటానికి అతనికి నెల పట్టింది.

కన్నం ఇంకా పెద్దది చేసి రెండు లెక్కలకే మూత పెట్టెయ్యొచ్చు గదా అని ఒకసారి అడిగాడు. పెద్దది చేస్తే ముక్కు స్పష్టంగా వస్తుంది, చెవులు పొగమంచులోకి పోతాయి అన్నాడు రాజేశ్వర్ రావు. వరంగల్లులో ఫోటోకు వచ్చే పెద్దమనుషులకు ముక్కు గురించి పట్టింపు లేదు. చెవుల పోగులు రెండూ కనపడాలి. అందుకని కన్నం చిన్నది, లెక్క ఎనిమిది. ఆకాశం తేటగా ఉండి, పొద్దున పది గంటలకు పైకప్పు అద్దాల్లోంచి వెలుతురు దిగుతున్నప్పటి లెక్క అది.

మొదట పోలీసు అమీన్ సాబు నల్లగా వచ్చాడు. ఖాకీ కోటు వెలుతురు తాగేసిందని రాజేశ్వర్ రావు సర్దిచెప్పాడు. తర్వాత వీరభద్రం నల్లగా వచ్చాడు. మబ్బు పట్టిందని చెప్పబోతే, ఆ రోజు మా మిద్దె మీద మిరపకాయలు ఎండబోసినం, మబ్బెక్కడిది అన్నాడు సావుకారి. తహశీలు గుమాస్తా వచ్చినప్పుడు సిద్దిరాములు తన లెక్కను నమ్మడం మానేసి ఎడమచేతి నాడి పట్టుకుని, దాని దెబ్బల ప్రకారం పలికాడు. గుమాస్తా ఒకసారి దగ్గాడు. ఆ దగ్గు నాడికి కూడా వినపడినట్టుంది. గుమాస్తా కూడా నల్లగానే వచ్చాడు.

స్టూడియోలో గడియారం ఉంది. వెనక వేలాడే పరదా మీద పాలరాతి మెట్లు, ఒక నెమలి, పక్కన ఒక గోడగడియారం బొమ్మ గీసి ఉన్నాయి. అందులో ఎప్పుడూ పదీ పది. రాజేశ్వర్ రావు చేతిగడియారం రాజేశ్వర్ రావుతోనే సికింద్రాబాదు పోయింది.

కాలం చెల్లిన ప్లేట్లు కొన్ని ఉంటే, చెయ్యి సాధకం కోసమని వాటిమీద తనకు తెలిసినవాళ్లను తియ్యమని రాజేశ్వర్ రావే అన్నాడు. అలా మొగిలమ్మ వచ్చింది, కూరగాయల గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. సిద్దిరాములు అద్దెకున్న ఇంటివాళ్లు నర్సింగం, సోమక్క వచ్చారు. వీళ్లందరూ తెల్లగా వచ్చారు. మొగిలమ్మ సంతోషపడింది. సోమక్క పడలేదు. నర్సింగం ఇంట్లో జంపఖానాలు నేస్తారు. స్టూడియోలో కుర్చీ కింద పరిచిన జంపఖానా వాళ్ల మగ్గం మీద, ఆలుమగలిద్దరూ పక్కపక్కన కూర్చుని నేసిందే. సోమక్క ఫోటోను వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు పట్టి చాలాసేపు చూసింది. చివరికి కాళ్ల దగ్గర వేలు పెట్టింది.

"నా మొఖం పోతె పోయింది తమ్మీ. మా ఎర్రచార ఏది?"

ఎరుపు ఈ ప్లేట్ల మీద నలుపుగా వస్తుందని సిద్దిరాములు చెప్పాడు. నల్లగా రానియ్యి, మరి నల్లదన్నా ఏది అని సోమక్క అడిగింది. ఫోటోలో ఆమె కాళ్ల కింద చారలన్నీ బూడిదలో గీసినట్టు, ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. చూసినవాళ్లు నర్సింగం నేత రంగు దిగిపోతుందని అనుకుంటారని, తమ రంగు దిగదని, ఈ ఫోటో ఎవరికీ చూపెట్టొద్దని చెప్పి, దాన్ని తలకిందులుగా బియ్యం డబ్బా వెనక పెట్టింది.

ఈ రోజు పొద్దున సిద్దిరాములు ఆ ఫోటోను బియ్యం డబ్బా వెనక నుంచి తీసుకుని, తొందరగా వచ్చి స్టూడియో తలుపు తెరిచాడు. జనం వద్దని వదిలేసిపోయిన ఫోటోలనూ, మిగిలిపోయిన అచ్చులనూ బీరువాలోంచి తీశాడు. జంపఖానా మీద కూర్చుని వాటిని ముందు పరుచుకున్నాడు. మనుషుల మొహాలను పట్టించుకోలేదు. మొహాలైతే అసలే నల్లవాళ్లుంటారు, ఎర్రవాళ్లుంటారు, పౌడరు రాసుకున్నవాళ్లుంటారు. జంపఖానా మాత్రం అందరి కింద ఒక్కటే. అదే ఎర్రచార, అదే తెల్లచార, అదే మూల దగ్గర టీ మరక. అతను ఫోటోల్లో జంపఖానా ఒక్కటే చూస్తూ, ఎక్కువ నల్లబడినదాన్ని ఎడమవైపు, ఎక్కువ తెల్లబడినదాన్ని కుడివైపు పేర్చుకుంటూ పోయాడు. తెల్లచార కూడా కనపడకుండా పోయిన ఫోటో ఎడమ చివర చేరింది. ఎర్రచార కూడా కనపడకుండా పోయినది కుడి చివర చేరింది. అంతా అయ్యాక అప్పుడు చూపు పైకి జరిపి మొహాలు చూశాడు.

ఎడమ చివర సావుకారి వీరభద్రం ఉన్నాడు. పక్కన అమీన్ సాబు. తర్వాత తహశీలు గుమాస్తా. తర్వాత బడిపంతులు సారంగపాణి, ఆయన మరీ నల్లగా లేడు, చామనచాయలో ఆగాడు. తర్వాత దర్జీ లింగమూర్తి. ఆ తర్వాత నర్సింగం, సోమక్క. కుడి చివర మొగిలమ్మ, ఆమె గంప, గంపలో బీరకాయలో దొండకాయలో తెలియని తెల్లటి వస్తువులు.

సిద్దిరాములు ఆ వరుసను చాలాసేపు చూశాడు. అది వెలుతురు వరుస కాదు. వీళ్లలో ఎవరు ఎదురైతే తను ఎంత దూరం నుంచి పక్కకు తప్పుకుంటాడో ఆ వరుస. సారంగపాణి ఎదురైతే తప్పుకోడు గానీ బీడీ దాచుకుంటాడు. లింగమూర్తి ఎదురైతే బీడీ అడుగుతాడు. అంతా సరిగ్గా ఉంది. తన లోపల ఇంత క్రమంగా జాబితా రాసిపెట్టుకున్న మనిషి ఒకడున్నాడని, వాడు తనతో ఒక్క మాటైనా అనకుండా ఇన్నాళ్లూ పనిచేస్తూ పోయాడని తెలిసి, అతనికి భయం కన్నా ముందు ఒక రకమైన గౌరవం కలిగింది.

ఇంకో ఫోటో మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పక్కన పెట్టుకున్నాడు. పాత ప్లేట్లు పనిచేస్తాయో లేదో చూడటానికి మొదటిరోజు తీసింది అది. అందులో ఖాళీ కుర్చీ ఉంది. కుర్చీ కోళ్ల నగిషీ కనిపిస్తోంది, నెమలి కన్నులు కనిపిస్తున్నాయి, ఎర్రచార నల్లగా, తెల్లచార తెల్లగా, టీ మరక టీ మరకలాగా వచ్చాయి. కుర్చీలో ఎవరూ లేకపోతే తనకు ఎనిమిది లెక్కపెట్టడం వచ్చు.

కేసముద్రంలో మొదటి కుంచాన్ని ఒకటి అనేవాళ్లు కాదు, లాభం అనేవాళ్లు. రెండో కుంచం వంపేదాకా లాభం, లాభం, లాభం అని పాడుతూనే ఉండాలి. తర్వాత రెండు, రెండు, రెండు. పాట ఆగితే లెక్క తప్పుతుంది. కాబట్టి అక్కడ ఒక్కో అంకె ఎంతసేపు ఉంటుందన్నది గింజలమీద ఆధారపడి ఉండేది. గింజలమీదనే అని సిద్దిరాములు అనుకునేవాడు. అక్కడి సావుకారి ఈ వీరభద్రమే, దుకాణం అరుగుమీద కూర్చుని చూసేవాడు. తొందరగా కొలవమని పద్నాలుగేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఊరికే చూసేవాడు. ఆయన చూస్తుంటే పాట పరుగెత్తేది, చేతులు పరుగెత్తేవి, కుంచం గోపురంగా నిండిపోయేది, అంచు పైన ఉన్నదంతా లెక్కలేకుండా సావుకారి బస్తాలోకి పోయేది, ఎదురుగా నిలబడ్డ రైతు పెదవులు లెక్కను అందుకోలేక రెండంకెల వెనక కదిలేవి. ఆయన లోపలికి పోతే పాట మళ్లీ నడిచేది. రైతులు అప్పుడు బాగా పాడుతున్నావని మెచ్చుకునేవాళ్లు. కుంచం బోర్లించిన ఆ నడుం నొప్పి రోజున కూడా అంతకన్నా ఏమీ జరగలేదు. ఒక ముసలి రైతు లెక్క అందక, జర మెల్లగ చెప్పు బిడ్డా అన్నాడు. సిద్దిరాములు మెల్లగా చెబుదామనుకున్నాడు. నోరు వినలేదు.

అతను ఫోటోలను మళ్లీ బీరువాలో పెట్టాడు. జబ్బు తెలిసింది గనక మందు వెతకడమే మిగిలింది. నర్సింగం మగ్గం దగ్గర ఒక ఇనుపగుండు పడి ఉంటుంది. ఇంటికి పోయి దాన్ని అడిగి తెచ్చాడు. దారానికి కట్టి, కెమెరా వెనక దూలానికి వేలాడదీశాడు. ఊపి వదిలాడు. ఖాళీ కుర్చీ ముందు తన ఎనిమిది పలుకుతూ, గుండు ఊపు దానికి సరిపోయేదాకా దారం కురచ చేశాడు, పొడుగు చేశాడు. చివరకు కుదిరింది. ఒక ఊపుకు ఒక అంకె. ఇంక తను పలకనక్కరలేదు, గుండు పలికింది అప్పజెప్తే చాలు. గుండు కుర్చీ వైపు చూడదు. కుర్చీలో ఎవరున్నారో దానికి అక్కరలేదు. ఇంత తేలికైన మందు ఉందని తెలిసి అతను తనకు తెలియకుండానే ఒక బీడీ ముట్టించాడు.

వీరభద్రం పదింటికి వచ్చాడు. ఎల్లుండి ఆయన కొత్త మిల్లు తెరుస్తున్నాడు. ఆఫీసుగదిలో ఆయన తండ్రి ఫోటో పక్కన ఒక మేకు కొట్టి ఉంచారు. రాజేశ్వర్ రావు లేడని తెలిసినా ఆయన వెనక్కి పోలేదు. ఫోటో నువ్వే తీసేదయితే రాజేశ్వర్ రావు పంతులుతో నాకేం పని అన్నాడు. కోటు గుండీలు పెట్టుకుని, తలపాగా సరిచేసుకుని, కుర్చీలో కూర్చున్నాడు. పోగులు రెండూ బయటికి కనపడేటట్టు చెవులు సర్దుకున్నాడు. సిద్దిరాములు నల్లగుడ్డలో తల పెట్టి అద్దంలో చూశాడు. తలకిందులుగా వీరభద్రం, తలకిందులుగా నెమలి. తలకిందులుగా ఉన్నంతసేపు ఆయనతో ఏ ఇబ్బందీ లేదు. గుడ్డలోంచి బయటికి వచ్చి, లెన్సుకు మూత పెట్టి, ప్లేటు పెట్టె బిగించి, ప్లేటుకు అడ్డమున్న రేకు లాగాడు. గుండును ఊపి వదిలాడు.

"ఏందది?" అన్నాడు వీరభద్రం.

"లెక్క కొరకు సావుకారీ."

"నాకు దిష్టి తీస్తున్నట్టున్నది. తీసెయ్. ఫోటువల పడితె మంది నవ్వుతరు."

కెమెరా వెనక ఉన్నది ఫోటోలో పడదని చెప్పడానికి సిద్దిరాములు నోరు తెరిచాడు. ఆ నోరు, తీసేస్తున్న సావుకారీ అన్నది. అతను స్టూలెక్కి దారం విప్పాడు. గుండును ఎక్కడ పెట్టాలో తెలియక లాల్చీ జేబులో వేసుకున్నాడు. జేబు మోకాలి దాకా సాగింది.

వీరభద్రం అతన్ని కిందినుంచి పైదాకా చూసి, అప్పుడు గుర్తుపట్టాడు.

"నువ్వు కేసముద్రపోనివి గదరా. కుంచం కొలుస్తుంటివి." ఆయన గొంతులో నిజంగానే అభిమానం ఉంది. "నీ లెక్క మంచిగుండె. జల్ది అయిపోతుండె."

సిద్దిరాములు కెమెరా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మామూలుగా చెప్పవలసింది చెప్పాడు. మూత తీసినప్పటి నుంచి పెట్టేదాకా కదలొద్దు. మాట్లాడితే నోరు చెదిరిపోతుంది. కళ్లు అటూ ఇటూ పోకుండా మూత పట్టుకున్న తన చేతినే చూస్తుండాలి. ఇది రాజేశ్వర్ రావు పెట్టిన పద్ధతి. అందరికీ చెప్పే మాటే. కూర్చున్న ప్రతి మనిషినీ తననే చూడమని తనే చెబుతున్నాడన్న సంగతి అతనికి ఇన్నాళ్లూ తట్టలేదు.

మూత తీసి పక్కకు పట్టుకున్నాడు.

"లాభం" అన్నాడు.

వీరభద్రం చూస్తున్నాడు. అరుగుమీది చూపే. రెండు అప్పుడే నాలుక చివరికి వచ్చి నిలబడింది. సిద్దిరాములు ఖాళీ కుర్చీని తలుచుకున్నాడు. కోళ్ల నగిషీ తలుచుకున్నాడు. కుర్చీలో మనిషి అలాగే ఉన్నాడు, ఎంత తలుచుకున్నా లేవలేదు. లాభం, లాభం అని లోపల పాడుకుని, "రెండు" అన్నాడు. మెల్లగా అంటే మరీ మెల్లగా కూడా కాకూడదు, అది మొగిలమ్మ లెక్క. "మూడు." చెవులు వేడెక్కాయి. "నాలుగు" కొంచెం ముందే జారింది. జారిందని అతనికి తెలిసింది. అలా తెలియడం ఇదే మొదటిసారి. "అయిదు" దగ్గర మూత పట్టుకున్న చెయ్యి తనంతట తానే లెన్సు వైపు బయలుదేరింది. ఆ చేతినే చూస్తున్న వీరభద్రం చూపు దానితోపాటే కదిలింది. చెయ్యి జానెడు దూరంలో ఆగింది. ఎందుకు ఆగిందో, ఎవరు ఆపారో సిద్దిరాములుకు తెలియదు. చెయ్యి చూడటం మాని అతను ఎదుటి మనిషిని చూశాడు.

వీరభద్రం ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఊపిరి ఆపమని ఎవరూ చెప్పలేదు. మెడమీద నరం ఉబ్బింది. రెప్ప వెయ్యకూడదనుకున్నాడో ఏమో, కళ్లలో నీళ్లు నిండుతున్నాయి. పోగు బరువుకు ఎడమచెవి తమ్మె సాగి, కన్నం గీతలా అయిపోయింది. పద్నాలుగేళ్లలో ఆ చెవిని చూసినట్టు అతనికి గుర్తులేదు. నోరు చెదిరిపోతుందని పెదవులు గట్టిగా అదుముకున్న ఆ మనిషి, చాలు మూయమని చెప్పలేడు, జల్ది కానియ్యమని చెప్పలేడు. చూడటం తప్ప ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు. అరుగుమీద కూడా ఆయన అంతకన్నా ఏమీ చెయ్యలేదు.

"ఆరు" అన్నాడు సిద్దిరాములు. ఆరు ఎంతసేపు ఉండాలో అంతసేపూ ఉంది. జేబులో గుండు తొడకు చల్లగా తగులుతోంది. చేతిని మళ్లీ పక్కకు జరిపాడు.

"ఏడు."

వీరభద్రం కంట్లో నీళ్లు జారి ముక్కు పక్కకు వచ్చాయి. ఆయన తుడుచుకోలేదు.

"ఎనిమిది" అని, దాన్ని పూర్తిగా పలికి, సిద్దిరాములు మూత పెట్టాడు.